నాలుగో ఫారం

మా ఇంటికి వచ్చేసరికి నవలలన్నీ కొన ఊపిరితో ఉంటాయి. వెన్ను విరిగి, అట్ట ఊడి, మొదటి నాలుగు పేజీలు ఎవరింట్లోనో జారిపోయి వస్తాయి. లైబ్రరీ వాళ్లు నెలకోసారి రెండు గోనెసంచుల్లో తెచ్చి మా ముందుగదిలో గుమ్మరించి పోతారు. అత్తయ్యా నేనూ వాటిని విప్పి, తుడిచి, అతికించి, కుట్టి, కొత్త అట్ట వేసి పంపుతాం. పన్నెండేళ్లుగా నాకిదే పని. ఎన్ని వేల నవలలు నా చేతుల మీదుగా వెళ్లాయో చెప్పలేను గానీ, చదివినవి ఎన్నో మాత్రం చెప్పగలను. ఒక్కటీ లేదు.

అందుకు నేనేం సిగ్గుపడలేదు. చదవడం మొదలుపెడితే ఇక్కడ జిగురు ఎండిపోతుంది. ఆ మాట పెళ్లయిన కొత్తలోనే అత్తయ్య చెప్పి పెట్టింది. అసలు నా కోపం పుస్తకాల మీద కాదు, చదివేవాళ్ల మీద. టీ కప్పు పెట్టేవాళ్లు కొందరు, వేలు తడి చేసుకుని పేజీ తిప్పేవాళ్లు కొందరు, పెన్నుతో గీత గీసి పక్కన ‘నిజం’ అని సంతకం పెట్టినట్టు రాసేవాళ్లు కొందరు. వీళ్లందరూ ఒక ఎత్తయితే లిఫ్టాయన ఒక్కడూ ఒక ఎత్తు.

ఆయనెవరో నాకు మొదట తెలియదు. ఆయన మడతలే తెలుసు. కొన్ని నవలల్లో ప్రతి పేజీ మూలా మడిచి ఉండేది. ఒక మడత కాదు, పేజీకి మూడు నాలుగు, పైనొకటి, కిందొకటి, మడత మీద మడత. వాటిని ఒక్కొక్కటిగా విప్పి ఇస్త్రీ పెట్టేసరికి నా ప్రాణం విసిగిపోయేది. ఒకసారి ఉండబట్టలేక లైబ్రేరియన్ మేడమ్‌ని అడిగాను.

“ఎవరండీ ఈ మహానుభావుడు?”

“పెద్దాసుపత్రిలో లిఫ్టు నడుపుతాడమ్మా. స్టూలు మీద కూర్చుని చదువుకుంటాడు. అంతస్తు వచ్చిన ప్రతిసారీ ఆపాలి కదా, ఆపినప్పుడల్లా మడుస్తాడు.”

“ఎన్ని అంతస్తులు?”

“తొమ్మిది.”

నేను నుదురు కొట్టుకున్నాను. మేడమ్ నవ్వి, కౌంటరు పక్కన పురికొసకి వేలాడుతున్న నోట్‌బుక్కు తీసి నా చేతిలో పెట్టింది. చదివినవాళ్లు అభిప్రాయాలు రాసే పుస్తకం అది. అందులో అందరూ ‘బాగుంది’, ‘చాలా బాగుంది’, ‘ముగింపు బాగాలేదు’ అని రాసి చేతులు దులుపుకున్నారు. ఈయన మాత్రం సగం పేజీకి తక్కువ రాయలేదు. నిలబడే చదివాను.

‘ఎర్ర అట్ట నవల. ముగ్గురన్నదమ్ములు రెండు వందల పేజీలు కొట్టుకున్నారు. మా ఆసుపత్రికొస్తే మూడో అంతస్తులో కుట్లేసి పంపేవాళ్లం, కథ అక్కడితో అయిపోయేది. కానీ ఆఖరివాడు గోడవతల నిలబడి అన్నల మాటలు వింటూ ఒక్కడే నవ్వుకునే చోట ఉంది చూడండి, దాని కోసం మిగతాదంతా క్షమించాను.’

‘పసుపు అట్ట నవల. ఇందులో పెద్దమనిషి పొద్దున వెళ్తాడు, సాయంత్రం వస్తాడు, మధ్యలో బాధపడతాడు. ఉద్యోగమేమిటో చివరిదాకా చెప్పలేదు. ఇంత బాధపడేవాడికి జీతం ఎవరిస్తున్నారో తెలుసుకోవాలని ఉంది. అయినా వానలో గొడుగు మర్చిపోయే అధ్యాయం అద్భుతం. ఆరుకి వెళ్లాల్సినవాళ్లని ఎనిమిదికి తీసుకెళ్లాను.’

నాకు నవ్వాగలేదు. అట్ట రంగులు నేను వేసినవే, లోపల ఏముందో ఆయన చెబితే తెలుస్తోంది. అప్పట్నించీ పుస్తకాలు అప్పజెప్పడానికి వెళ్లిన ప్రతిసారీ ముందు ఆ నోట్‌బుక్కే తీసేదాన్ని. మడతల మీద కోపం పూర్తిగా పోలేదు గానీ, ఇస్త్రీ పెట్టేటప్పుడు తిట్టుకోవడం మానేశాను.

ఒక నెల వెళ్లేసరికి నోట్‌బుక్కులో కొత్త అభిప్రాయం ఒకటిన్నర పేజీ ఉంది.

‘నీలం అట్ట నవల. రాసినావిడకి దండం. ఈ మధ్య వచ్చిన నవలలు నేను చాలానే చదివాను, తెలివైనవాళ్లు చాలామందే ఉన్నారు. ఇంత ధైర్యం మాత్రం ఎవరిలోనూ చూడలేదు. అమ్మ పోతుంది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా వెళ్లిపోతారు. ఇంట్లో కూతురొక్కతే. ఎవరో తలుపు తడతారు. వెళ్లి తలుపు తీస్తుంది. గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది, చేతిలో సంచి! ఎలా వచ్చావని కూతురు అడగదు. ఎలా వచ్చానో అమ్మ చెప్పదు. “ఏం ఎండే బాబూ, కాసిన్ని మంచినీళ్లివ్వు” అంటుంది. దయ్యమని రాయలేదు, కల అని రాయలేదు. పదహారు పేజీలు ఇద్దరూ మామూలుగా ఉంటారు. నేను నాలుగో అంతస్తులో తలుపులు తెరిచి మూయడం మర్చిపోయాను. జనం అరిచారు. అరవనీ. ఇలా రాయొచ్చని నాకింతవరకూ తెలియదు.’

“చూశావా ఎంత బాగా రాశాడో!” అంది మేడమ్. “వచ్చే ఆదివారం ఆ రచయిత్రి మన లైబ్రరీకి వస్తున్నారు. ఇది ఆయన చేతే పైకి చదివిస్తాను.”

“మీరు చదివారా మేడమ్, ఆ నవల?”

“ఎక్కడమ్మా, లైబ్రరీలో పనిచేసేవాళ్లకి చదివే తీరికెక్కడ ఏడ్చింది?”

నేను నోట్‌బుక్కులోకి మళ్లీ చూశాను. ‘గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది.’ ఆ వాక్యం నాకు తెలుసు. ఒక్క నవలా చదవనిదాన్ని, ఆ ఒక్క వాక్యం మాత్రం నా నోటితో పైకి చదివాను.

ఆ పుస్తకం మా దగ్గరికి తడిసి వచ్చింది. కింది అంచు బూజు పట్టి మెత్తబడిపోయింది. పుస్తకమంటే పదహారేసి పేజీల మడతలు, వాటిని మేం ఫారాలంటాం. ఒక్కో ఫారం విడదీసి, కుళ్లిన అంచు కోసేసి, గదిలో అడ్డంగా తాడు కట్టి బట్టల్లా ఆరేశాం. కోసిన అంచుతో పాటు పేజీ నంబర్లూ పోయాయి, ఫారం నంబర్లూ పోయాయి. ఆరినవి ఆరినట్టు తీసి కుప్ప పెట్టాం. వరస ఎలా తెలుస్తుంది? దానికి అత్తయ్య దగ్గర ఒక పద్ధతి ఉంది. ఆవిడ ఒక ఫారం చివరి వాక్యం చదువుతుంది, నేను ఇంకో ఫారం మొదటి వాక్యం చదువుతాను. అతికితే “కలిసింది” అని పక్కన పెడుతుంది. ఆ రోజు ఆవిడ “లేచి వెళ్లి తలుపు తీసింది” అని చదివింది. నేను “గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది” అని చదివాను. “ఇంకేం, కలిసింది” అంది అత్తయ్య.

నోట్‌బుక్కు మేడమ్‌కి ఇచ్చేసి, కొత్త పుస్తకాల బీరువాలో అదే నవల ఇంకో కాపీ ఉంటే తీసి చూశాను. గుమ్మంలో అమ్మ నాలుగో ఫారంలో ఉంది. చెల్లెలి ఇంట్లో నాలుగు రోజులుండి, ఎండలో నడిచి తిరిగొచ్చిన అమ్మ. ఆ తర్వాత ఎప్పుడో నూట అరవయ్యో పేజీ దాటాక పోతుంది. మేం నాలుగో ఫారాన్ని తీసుకెళ్లి పదకొండు తర్వాత కుట్టాం. ఐదో ఫారం కొత్త అధ్యాయంతో మొదలవుతుంది కాబట్టి మధ్యలో ఖాళీ కూడా ఎవరికీ తెలియలేదు. అసలు నవలలో కూతురు తలుపు తీస్తే గుమ్మంలో ఉన్నది కరెంటు మీటరు చూసే మనిషి.

మా నీలం అట్ట పుస్తకం నా పేరు మీద రాయించుకుని ఇంటికి తెచ్చాను. అత్తయ్య విని చాలాసేపు కత్తి నూరుతూ కూర్చుంది. నలభై ఏళ్లుగా ఆవిడ చేతి కుట్టుకి వంక పెట్టినవాళ్లు లేరు.

“ఆదివారం లోపల విప్పి సరిగ్గా కుట్టేద్దాం. పుస్తకం లోపలికి తొంగి చూసేదెవరు?” అంది చివరికి.

“పుస్తకం విప్పి కుడతాం సరే. చదివేసిన మనిషిని ఎలా విప్పి కుడతాం అత్తయ్యా? ఆయన లేచి చనిపోయినావిడ తిరిగొచ్చిందని చదువుతాడు. నవల చదివినవాళ్లు అక్కడ నలుగురైనా ఉంటారు. రాసినావిడ ఎదురుగా ఆయన పరువు గంగలో కలుస్తుంది.”

అత్తయ్య కత్తి కింద పెట్టింది. “నవ్వితే మనల్ని చూసి నవ్వాలి. ఆయన్ని కాదు. వెళ్లి చెప్పు.”

చెప్పేముందు ఏం చెప్పాలో తెలియాలి కదా అని పుస్తకం తెరిచాను. రెండు మధ్యాహ్నాలు పట్టింది. నా జీవితంలో మొదటి నవల అది. తల్లీకూతుళ్లు పోట్లాడుకునేవి, అలిగేవి, ఒకరి చీర ఒకరు మడత పెట్టుకునేవి చదువుతుంటే ఇంత మామూలు సంగతులు అచ్చు వేస్తారా అని ఆశ్చర్యపోయాను. తర్వాత అమ్మ పోయింది. తర్వాత తలుపు చప్పుడైంది. అది మా చేతి తప్పని తెలుసు, వెనక ఏ దారంతో కుట్టానో కూడా తెలుసు. అయినా అమ్మ గుమ్మంలో కనబడేసరికి ఒళ్లంతా ఝల్లుమంది. “ఏముందే అందులో?” అని అత్తయ్య అడిగితే పదహారు పేజీలూ పైకి చదివి వినిపించాను. గిన్నెలో జిగురు ఎండిపోయింది. అత్తయ్య దాని వంక చూడను కూడా లేదు.

“మనం కుట్టిందేనా ఇది?” అంది.

“మనమే.”

“అమ్మమ్మమ్మ!” అని బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లాను. లిఫ్టాయన నేననుకున్నంత లావుగా లేడు. యాభై దాటినవాడు, సన్నగా, జేబులో కళ్లజోడు, ఒళ్లో ఇంకేదో నవల.

“ఏ అంతస్తు తల్లీ?”

“మీతోనే పని బాబాయ్. నేను పుస్తకాలు బైండు చేస్తాను.”

“ఓహో! ఆ ఇస్త్రీ నువ్వేనా? ఎవరో మహాతల్లి నా మడతలన్నీ సాపు చేస్తోందని చూస్తూనే ఉన్నాను. మళ్లీ మడవడానికి చెయ్యి రాదనుకో, అయినా మడుస్తాను.”

ఇంత మంచిగా మాట్లాడతాడనుకోలేదు. రెండో అంతస్తులో ఇద్దరు ఎక్కారు. నాలుగులో చక్రాల కుర్చీలో ఒక ముసలాయన ఎక్కాడు. వాళ్ల మధ్యనే, ఎక్కేవాళ్లకీ దిగేవాళ్లకీ దారిస్తూ, తాడు మీద ఆరేసిన దగ్గర్నించీ మొత్తం చెప్పాను. చక్రాల కుర్చీ ఆయన కూడా చెవులు రిక్కించి విన్నాడు.

లిఫ్టాయన గోడమీది మీటల వైపు తిరిగాడు.

“అంటే ఆవిడ రాలేదా?” అన్నాడు.

“రాలేదు బాబాయ్. అది అంతకుముందెప్పుడో ఊరెళ్లి వచ్చినప్పటి సంగతి.”

“బాబూ, నాది ఆరు,” అన్నారెవరో. లిఫ్టు ఆరు దాటి తొమ్మిదికి పోయింది. అందరూ గొణుక్కుంటూ దిగి మెట్ల వైపు వెళ్లారు. ఆయన తలుపులు తెరిచే ఉంచాడు.

“మా ఆవిడ పోయి రెండేళ్లు,” అన్నాడు. “నేను రోజుకి వెయ్యిసార్లు తలుపులు తీస్తాను తల్లీ. మా ఇంటి తలుపు దగ్గరికొచ్చేసరికే చెయ్యి ఆడేది కాదు. తాళం పట్టుకుని మెట్టు మీద కూర్చునేవాణ్ణి. పక్కింటివాళ్లు గాలి కోసం అనుకునేవాళ్లు. ఆ పదహారు పేజీలు చదివిన రోజు మాత్రం నేరుగా వెళ్లి తీసేశాను. లోపల ఎవరుంటారని కాదు, నాకేం పిచ్చి లేదు. ఊరికే భయం వెయ్యలేదు, అంతే.”

నాకు ఏడుపు ఆగలేదు. మా చేతులతో ఇచ్చినదాన్ని నా నోటితో లాక్కున్నాను. “తప్పయిపోయింది బాబాయ్. ఆదివారం మీరు చదవొద్దు, మేడమ్‌కి నేను చెబుతాను.”

“నువ్వెందుకే ఏడుస్తావు, ఊరుకో. ఆ పుస్తకం విప్పేశారా?”

“లేదు.”

“విప్పకండి,” అన్నాడు. ఆదివారం సంగతి ఏమీ తేల్చలేదు. కింద ఎవరో బెల్లు మీద బెల్లు కొడుతుంటే తలుపులు మూసి నన్ను కిందికి దింపాడు.

ఆదివారం లైబ్రరీ హాల్లో కుర్చీలు చాలక కొందరు గోడకి ఆనుకుని నిలబడ్డారు. రచయిత్రి గారికి అరవై ఉంటాయి. తక్కువ మాట్లాడారు, అడిగినవాటికి రెండు మాటల్లో జవాబిచ్చారు. అత్తయ్యా నేనూ నాలుగో వరసలో కూర్చున్నాం, నీలం అట్ట పుస్తకం నా ఒళ్లో ఉంది. లిఫ్టాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక చివర కూర్చున్నాడు. మేడమ్ పిలిచింది. ఆయన లేస్తాడనుకోలేదు. లేచాడు. నోట్‌బుక్కు తెరిచి, కళ్లజోడు పెట్టుకుని, రాసింది రాసినట్టు చదవడం మొదలుపెట్టాడు.

‘గుమ్మంలో అమ్మ’ అన్న చోటికి రాగానే ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. “ఈయన ఏ నవల చదివాడండీ బాబూ!” అన్నాడు ఒక పెద్దమనిషి, మెల్లగా అన్నాననుకుని. ఆ నవ్వు వెనక్కి పాకింది. మేడమ్ ముఖం పాలిపోయింది. లిఫ్టాయన చెవులు ఎర్రబడ్డాయి గానీ చదవడం ఆపలేదు. ‘ఇలా రాయొచ్చని నాకింతవరకూ తెలియదు’ వరకూ చదివి, నోట్‌బుక్కు మూసి, నిలబడే ఉన్నాడు.

నేను పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. లేచాను.

“ఆయన తప్పు చదవలేదండీ. మేం తప్పు కుట్టాం.” తడిసిన అంచు, కోసిన నంబర్లు, తలుపు తీసింది, గుమ్మంలో అమ్మ, అన్నీ గడగడా అప్పజెప్పాను.

నా పక్కన అత్తయ్య కూడా లేచింది. ఇంతమందిలో ఆవిడ నోరు విప్పడం నేనెప్పుడూ చూడలేదు. “కలిసింది అన్నది నేను. దీన్నేమీ అనకండి. తప్పు నాది,” అంది.

నవ్వు ఆగిపోయింది. రచయిత్రి గారు చెయ్యి చాచారు. “ఆ పుస్తకం ఇటివ్వండమ్మా.”

తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడ పదకొండో ఫారం చివర తెరిచారు. ఒక పేజీ చదివారు, తిప్పారు, ఇంకో పేజీ చదివారు. పదహారు పేజీలూ అలాగే చదివారు. మేడమ్ రెండుసార్లు గొంతు సవరించుకుంది. రచయిత్రి గారికి వినపడలేదు. చివరికి తలెత్తి లిఫ్టాయన వైపు చూశారు. ఆవిడ ముఖంలో కోపం కోసం వెతికాను. కనపడలేదు.

“ఒకటి అడగనా? నా నవలలో చివరి మూడు అధ్యాయాల్లో ఆ ఇంట్లో ఎవరూ అమ్మ మాట ఎత్తరు. ఎత్తలేనంత దుఃఖం అని రాశాను. మీరు చదివినదాంట్లో ఆవిడ తిరిగొచ్చింది కదా. మరి ఆ మూడు అధ్యాయాలు చదివేటప్పుడు ఏమనుకున్నారు? మళ్లీ పోయిందనా?”

“లేదండీ,” అన్నాడు లిఫ్టాయన. “ఆ పదహారు పేజీల చివర వంటింట్లోకి వెళ్లింది. గిన్నెల చప్పుడు వినపడింది. ఇంక వెళ్లిపోయిందని ఎక్కడా రాయలేదు మీరు.”

“కానీ ఎవరూ ఆవిడ మాట ఎత్తలేదు.”

“ఇంట్లో ఉన్న మనిషి మాట ఎవరెత్తుతారండీ?” అన్నాడాయన. “లేనివాళ్ల గురించే కదా రోజంతా మాట్లాడుకునేది.”

రచయిత్రి గారు పుస్తకం మళ్లీ తెరిచి, చివరి మూడు అధ్యాయాలున్న చోటికి తిప్పి, అక్కడే నిలబడి మొదటి వాక్యం నుంచి తనలో తాను చదువుకోవడం మొదలుపెట్టారు. మేమంతా కుర్చీల్లో కూర్చుని ఆవిడ చదవడం అయ్యేదాకా ఆగాం.